పాత ఓక్ సొరుగుల బీరువానా, బర్మా టేకుదా? తిరుపతి వాతావరణంలో ఏది కొనాలి

పోయినేడు ఎండాకాలంలో మా వీధిలో ఉండే ఒకాయన, బ్యాంకులో రిటైరయి ఇప్పుడు పాత సామాను మీద మనసు పెట్టుకున్నాడు, వాట్సాప్‌లో నాకు మూడు ఫోటోలు పంపించి "అన్నా, ఈ మూడిట్లో ఏది తీసుకోమంటావు" అని అడిగినాడు. మూడూ సొరుగుల బీరువాలే, చెస్ట్ ఆఫ్ డ్రాయర్స్ అంటారే అవి, పైన రెండు చిన్న సొరుగులు, కింద మూడు పొడుగు సొరుగులు. మొదటిది చెన్నైలో ఉండాది, ఇంగ్లండ్ నుంచి కంటైనర్‌లో వచ్చిన ఓక్ చెస్ట్, 1690 నాటిదని చెప్తా ఉండారంట. రెండోది బెంగళూరులో, అది కూడా ఓక్ చెక్కదే, 1880ల నాటిది, గుండ్రటి చెక్క పిడులతో సాదాగా ఉండాది. మూడోది ఇక్కడే చిత్తూరులో ఒక పాత బంగళా ఖాళీ చేస్తే బయటపడిన బర్మా టేకుది, మూలలకి ఇత్తడి పట్టీలు. మొదటిదాని ధర రెండోదానికి మూడింతలు, టేకుది ఆ రెండిటికంటే తక్కువ.

ముప్ఫై ఏళ్ళుగా పాత చెక్క సామాను చూస్తా, కొంటా ఉండాను, ఆయనకి చెప్పిందంతా ఇక్కడ రాస్తా ఉండాను, మీలో ఎవరికన్నా ఇట్లాంటి సందిగ్ధం వస్తే పనికొస్తుంది.

ముందు నేను అడిగింది, దేనికి కొంటా ఉండావు అని. ఏంటికంటే ఆయన దగ్గర పాత రాగి నాణేలు, సీసం ముద్రలు చాలా ఉండాయి, అవన్నీ ఆ సొరుగుల్లో వరసగా పేర్చుకోవాలని ఆయన ఆశ. అట్లయితే ఓక్ వద్దే వద్దన్నాను. ఓక్ చెక్కలో టానిన్, అంటే వగరు పుట్టించే పదార్థం, ఎక్కువ, దానికి తోడు వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ యాసిడ్ ఉంది చూడండి, దాని ఆవిరి ఆ చెక్కలోంచి ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా వస్తానే ఉంటుంది, వందేళ్ళు దాటినా పూర్తిగా ఆగదు, మూసి పెట్టిన సొరుగులో అది ఎటూ పోలేక లోపలే తిరుగుతుంది. సీసం వస్తువుకి తెల్లగా పొడి పట్టి వస్తువునే తినేస్తుంది, రాగి, కంచు కూడా దెబ్బతింటాయి, గవ్వలు శంఖాలు సేకరించేవాళ్ళకి కూడా ఇదే గండం. పాతకాలం నుంచి నాణేలకి మహాగనీ బీరువాలు చేయించుకున్నారే గానీ ఓక్‌వి కాదు. ఇది షాపువాళ్ళు ఎవరూ చెప్పరు, వాళ్ళకీ తెలియకపోవచ్చు. నాణేలు వేరే చోట పెట్టుకుంటాను, బీరువాని బీరువాగానే ఇష్టపడి కొంటాను, అందులో బట్టలో దుప్పట్లో పెట్టుకుంటాను అంటేనే ఓక్ గురించి మాట్లాడుకుందాం అన్నాను. ఆయన సరేనన్నాడు.

ఇంక అసలు ఓక్ అంటే ఏది అనేది. మన వైపు ఇది పెద్ద తికమక. హార్స్‌లీ కొండల్లో, కాఫీ తోటల్లో నీడకోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్టు ఉంది కదా, దాని పేరులో ఓక్ ఉంది గానీ అది ఓక్ కాదు, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన వేరే జాతి. తంటా ఏమంటే దాని చెక్కని కోసినప్పుడు కూడా మెరిసే మచ్చలు కనిపిస్తాయి, అసలు ఓక్‌లో కూడా కనిపిస్తాయి, అందుకని ముదురు పాలిష్ కొట్టేసి ఓక్ అని అమ్మేస్తారు. తేడా పట్టుకోవాలంటే పలక చివర, అంటే రంపం అడ్డంగా కోసిన చోట, టార్చి వేసి చూడండి. ఇంగ్లీషు ఓక్‌లో ఏడాదికొక వలయం, ఆ వలయం మొదట్లో కంటికి కనిపించేంత పెద్ద రంధ్రాలు వరసగా ఉంటాయి, ఒక గీతలో సూదితో పొడిచినట్టు. సిల్వర్ ఓక్‌లో ఆ వరస ఉండదు, చెక్క కూడా చేతికి తేలిగ్గా తగులుతుంది. టేకులో కూడా వలయాలు ఉంటాయి గానీ చెయ్యి పెడితే నూనె పూసినట్టు ఉంటుంది, ఆ వాసన ఒకసారి పీల్చినోళ్ళు మర్చిపోరు. ఓక్ సొరుగు లాగి లోపలికి ముఖం పెడితే కొంచెం వగరు, పులుపు కలిసిన వాసన వస్తుంది. "ఓక్ పాలిష్", "ఓక్ కలర్" అనే మాటలు వినపడితే అది రంగు పేరు మాత్రమే, చెక్క పేరు కాదు.

ఇప్పుడు ఆ 1690 ది. దాన్ని చూడ్డానికి ఇద్దరం సప్తగిరి రైల్లో చెన్నై పోయినాం. ముందు భాగం చూస్తే కళ్ళు చెదిరిపోతాయి, సొరుగుల ముఖాల మీద చెక్క పట్టీలతో చతురస్రాలు, అష్టకోణాలు అమర్చి ఉండాయి, పదిహేడో శతాబ్దం ఇంగ్లీషు పనికి అది గుర్తే. కానీ ముందు భాగం చూసి కొనకూడదు అనేది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం. చాలా ఏళ్ళ కింద ఒక షాపులో ఇట్లాంటిదే, ముఖం చూసి మురిసిపోయి సొరుగులు సగం మాత్రమే లాగి చూసి కొన్నాను. ఇంటికి తెచ్చినాక, చెక్క శిల్పాలకి పేరున్న మాధవమాల నుంచి ఒక ఆచారి వేరే పని మీద వస్తే చూపించినాను, ఆయన సొరుగు మొత్తం బయటికి తీసి బోర్లా తిప్పి, అడుగు పలక మీద వేలు పెట్టి రాసి, "సామీ ఇది ప్లైవుడ్" అన్నాడు. అంచుల్లో మూడు పొరలు కనిపిస్తా ఉండాయి, పైన టీ డికాక్షన్ లాంటిదేదో పూసి పాతదానిలా చేసినారు. ముఖాలు మాత్రం నిజంగా పాతవే, వాటిని తెచ్చి కొత్త ఒంటికి అతికించినారు. ఆ రోజు ఆ సొరుగు వెనక్కి పెట్టడానికి కూడా నాకు మనసు రాలేదు.

అందుకని ఇప్పుడు ప్రతి సొరుగూ పూర్తిగా బయటికి తీసి, కింద గుడ్డ పరిచి, తిప్పి చూడకుండా నేను ధర కూడా అడగను. చెన్నైలో కూడా అదే చేసినాం. 1690 నాటి సొరుగు అయితే చాలాసార్లు పక్క పలకల్లో ఒక గాడి ఉంటుంది, లోపల బీరువా ఒంటికి కొట్టిన చెక్క పట్టీ ఆ గాడిలో దూరి సొరుగుని మోస్తుంది, తర్వాత తర్వాత, 1700 వచ్చేసరికి, ఆ పద్ధతి పోయి సొరుగు అడుగునే కింద పట్టీల మీద జారడం మొదలయింది. దీంట్లో గాడి లేదు. సరే, కాలం మారే సమయం కాబట్టి దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని కొట్టేయలేం. అడుగు పలక తిప్పినాం. పాత పనిలో అడుగు పలక నార, అంటే చెక్కలో పొడుగునా పోయే గీతలు, ముందు నుంచి వెనక్కి ఉంటుంది, సుమారు 1730, 1740 దాటినాక ఎడమ నుంచి కుడికి పెట్టడం అలవాటయింది. దీంట్లో ఎడమ నుంచి కుడికి ఉండాది. పల్లెటూరి వడ్రంగులు పాత పద్ధతిని చాలా కాలం వదల్లేదు కాబట్టి ముందు నుంచి వెనక్కి ఉంటే పాతదే అని ఖాయంగా చెప్పలేం గానీ, 1690 అని చెప్పేదాంట్లో అడ్డంగా ఉంటే మాత్రం జవాబు అడగాల్సిందే. 

తర్వాత పిడులు. పాత ఓక్ సొరుగు ముఖం లోపలి వైపు చూస్తే ఎన్నిసార్లు పిడులు మార్చినారో చిల్లులే చెప్తాయి. పిడులు మార్చడం తప్పేం కాదు, మూడొందల ఏళ్ళలో ఫ్యాషన్ మారినప్పుడల్లా మార్చుకున్నారు, మొదట్లో కన్నీటి బొట్టులా వేలాడే ఇత్తడి పిడి, తర్వాత వంకీ పిడి, విక్టోరియా కాలంలో గుండ్రటి చెక్క పిడి. కానీ ఇప్పుడున్న పిడి కన్నీటి బొట్టుది, అసలుదే అని షాపాయన అంటా ఉంటే లోపల ఒక్కో పిడి దగ్గర మూడు చిల్లులు, రెండు లప్పం పెట్టి మూసినవి. ఆ పిడిని బిగించిన స్క్రూ మొన సూదిలా ఉండాది. చేత్తో అరగదీసిన పాత స్క్రూకి మొన మొద్దుగా ఉంటుంది, తల మీద గీత కూడా నడిమధ్యన ఉండదు, సూది మొన మర స్క్రూలు వచ్చింది 1850 ప్రాంతంలో. 

ఇంక చివరగా వెనక పలక. దాన్ని ఎవరూ అందం చేయరు కాబట్టి అక్కడే నిజం ఉంటుంది. గోడ నుంచి జరిపి టార్చి ఏటవాలుగా వేస్తే రంపం గుర్తులు కనిపిస్తాయి. చేతి రంపం అయితే గీతలు నిటారుగా, ఒకదానికొకటి సరిగ్గా కుదరకుండా ఉంటాయి. గుండ్రటి యంత్రపు రంపం అయితే విల్లులా వంగి ఉంటాయి, అది పందొమ్మిదో శతాబ్దంలో వాడకం పెరిగిన పనిముట్టు. ఇక్కడ వెనక రెండు పలకల మీద ఆ విల్లు గీతలు స్పష్టంగా ఉండాయి. ఇంకోటి కూడా చూసినాను, ఒక పక్క పలక మీద పురుగు తొలిచిన దారి గాడిలా బయటికి కనిపిస్తా ఉండాది. పురుగు చెక్కలోంచి బయటికి వచ్చేటప్పుడు చిన్న గుండ్రటి చిల్లు మాత్రమే పెడుతుంది, లోపలి సొరంగం పొడుగునా బయటపడి ఉందంటే పురుగు పట్టినాక ఆ చెక్కని మళ్ళీ కోసినారనో చిత్రిక పట్టినారనో అర్థం. పాత చెక్కతో కొత్తగా చేసిన సామానుని పట్టిచ్చే గుర్తు ఇంతకంటే గట్టిది నాకు తెలీదు.

అంతా కలిపి చూస్తే అది అబద్ధపు వస్తువు అనను, ముఖాలు పాతవి, సొరుగులు ఒక యాభై ఏళ్ళ తర్వాతివి, వెనక భాగం ఇంకా తర్వాతిది, రెండు మూడు బీరువాలు కలిపి ఒకటి చేసినట్టు ఉండాది. ఇంగ్లీషోళ్ళు దీన్ని మ్యారేజ్ అంటారు. ఆ విషయం చెప్పి ఆ లెక్కన ధర అడిగి ఉంటే ఆలోచించేవాళ్ళమేమో. 1690 అని చెప్పి ఆ ధర అడిగితే వద్దనే చెప్తాను. మీరు నిజంగా పదిహేడో శతాబ్దం ఓక్ కావాలనే కొనేవాళ్ళయితే, అన్ని సొరుగులూ ఒకే చేతి పనిగా ఉన్నాయా, డవ్‌టెయిల్ జాయింట్లు, అంటే సొరుగు మూలల్లో పావురం తోకలా పళ్ళు కోసి ఒకదాంట్లో ఒకటి దూర్చిన అతుకులు, అన్నిట్లో ఒకే లెక్కన ఉన్నాయా, సొరుగు అడుగు అరిగిన చోటికి ఎదురుగా లోపలి పట్టీ కూడా అంతే అరిగిందా, ఇవి చూడండి. వందల ఏళ్ళు రాపిడి జరిగితే రెండు వైపులా జరుగుతుంది, ఒక వైపు పల్లం పడి ఇంకో వైపు సాపుగా ఉండదు.

రెండోది, బెంగళూరుది, ఫోటోలో చూస్తే ఎవరికీ మనసు పోదు. ముఖం సాదాగా ఉంటుంది. కానీ ఆ కాలం ఓక్‌లో ఒక మంచి ఉంది, చెక్కని చెట్టు నడిమధ్య నుంచి అంచుకి కోసి ఉంటే పలక మీద వెలుతురు పడినప్పుడు చారలు చారలుగా, పులి ఒంటి మీద మాదిరి, వెండి రంగులో మెరుస్తుంది. అట్లా కోసిన పలక వంకర పోవడం, పగలడం తక్కువ. ఇది అట్లాంటిదే. సొరుగులు తీసి చూస్తే డవ్‌టెయిల్ పళ్ళు ఒకదానికొకటి కొంచెం తేడాగా, ఉలితో కోసే ముందు గీసుకున్న గీత కూడా కనిపిస్తా ఉండాది, అంటే చేతి పనే. పళ్ళు అన్నీ అచ్చు గుద్దినట్టు ఒకే వెడల్పులో ఉంటే యంత్రం పని, అది ఆ శతాబ్దం చివరికి వచ్చింది. పిడికి ఒక్కటే చిల్లు, బీగాలు మూడు పని చేస్తా ఉండాయి, రెండిటికి తాళం చెవి లేదు. కాళ్ళలో ఒకటి మార్చినారు, షాపాయన అడక్కముందే చెప్పినాడు. నాకు ఆ మాట దగ్గరే సగం నమ్మకం కుదిరింది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి, 1920, 30ల నాటి ఓక్ సామాను కూడా ఇదే వరసలో పెట్టి "విక్టోరియా కాలం" అని అమ్ముతా ఉంటారు. నల్లగా రంగు పూసి, కాళ్ళు లేత్ మీద తిప్పి, సొరుగు అడుగున ప్లైవుడ్ వేసి ఉంటారు. వాడుకోవడానికి బాగానే ఉంటాయి, కలెక్షన్ అని మాత్రం కొనకండి.

మూడోది మన చిత్తూరుది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఉత్తర ఆర్కాటు జిల్లాకి చిత్తూరే కేంద్రం, కలెక్టర్లు, జడ్జీలు, వాళ్ళ బంగళాలు అక్కడే, కాబట్టి ఇట్లాంటి టేకు సామాను ఆ ఊర్లో ఇప్పటికీ అప్పుడప్పుడు బయటపడతా ఉంటుంది. ఇత్తడి పట్టీలు ఉన్నదాన్ని క్యాంపెయిన్ చెస్ట్ అంటారు, మిలిటరీ ఆఫీసర్లు ఊరూరూ తిరిగేటప్పుడు మోసుకుపోయేవి, నడుము దగ్గర రెండు ముక్కలుగా విడిపోతుంది, కాళ్ళు తిప్పితే ఊడొస్తాయి, పిడులు చెక్కలోకి దిగి ఉంటాయి, బండిలో తగులుకోకుండా. కొనేముందు రెండుగా విడదీసి చూపించమనండి. ఇది విడిపోలేదు, పట్టీలు తర్వాత కొట్టినవి, పట్టీ కింద చెక్క తొలిచి దించలేదు, మీదనే సీల కొట్టినారు. అంటే క్యాంపెయిన్ చెస్ట్ కాదు, మంచి బర్మా టేకు బీరువా. కానీ ఏ ఇంట్లోంచి వచ్చిందో ఎదురుగా చూపిస్తా ఉండారు, ధర తక్కువ, చెద పట్టే భయం తక్కువ. ఇంట్లో వాడుకోవడానికి ఒక్క బీరువా కావాలి అనే ఎవరికైనా నేను కళ్ళు మూసుకుని చెప్పేది ఇదే.

ఎర్రచందనం పెట్టెలు, బీరువాలు పాతవి అని ఎవరైనా తెచ్చి చూపిస్తే మాత్రం, శేషాచలం కింద ఉండేవాళ్ళం మనకి కొత్తగా చెప్పాల్సిన పని లేదు, అటవీ శాఖ కాగితాలు లేకుండా చెయ్యి కూడా పెట్టొద్దు.

వాతావరణం సంగతి. ఓక్ చలి దేశపు చెక్క, గాలిలో తేమ మారితే టేకు కంటే చాలా ఎక్కువ సాగుతుంది, ముడుచుకుంటుంది. మే నెలలో ఏసీ వేసిన గదిలో, ఆ చల్లగాలి నేరుగా తగిలే చోట పెడితే పక్క పలక పగులుతుంది, రాత్రి పూట టప్‌మని శబ్దం వస్తుంది, విన్నవాళ్ళకి గుండె ఆగినంత పనవుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన వానల్లో అదే చెక్క ఉబ్బి సొరుగు బిగుసుకుంటుంది. కాబట్టి ఏసీకి దూరంగా, మేడ మీద ఎండ తగిలే గోడకి కాకుండా లోపలి గోడకి, గోడకీ బీరువాకీ మధ్య నాలుగు వేళ్ళ సందు వదిలి పెట్టాలి. కింద అంతస్తులో ఉండేవాళ్ళు కాళ్ళ కింద రాతి ముక్కలు పెట్టుకోండి, 2021 నవంబర్ వానలకి తిరుపతిలో ఇళ్ళలోకి నీళ్ళొచ్చినప్పుడు మా బంధువులింట్లో పాత బీరువా కాళ్ళు రెండు రోజులు నానినాయి, ఇనుప మేకుల చుట్టూ చెక్క నల్లగా అయిపోయింది. అది ఓక్ గుణం, ఇనుము, తడి, టానిన్ కలిస్తే సిరా నలుపు. అందుకే ఓక్‌ని తడి స్టీల్ పీచుతో రుద్దకూడదు.

పురుగు చిల్లులు ఉన్నాయని భయపడి వదిలేయకండి, పాత ఓక్‌లో అవి మామూలే. చిల్లులోంచి లేత రంగు పొడి రాలతా ఉంటేనే లోపల పురుగు బతికి ఉందని. కింద నల్ల కాగితం పరిచి మూడు నాలుగు వారాలు చూడండి. పొడి పడితే వేరే చెక్క సామానుకి దూరంగా పెట్టి పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలవండి, కిరసనాయిల్ పోయొద్దు, మరక జన్మలో పోదు. ఇత్తడి పిడులని చింతపండుతో తోమే అలవాటు మన ఇళ్ళల్లో ఉంది, దేవుడి సామానుకి సరే, ఈ పిడులకి వద్దు, నూటయాభై ఏళ్ళ రంగు ఐదు నిమిషాల్లో పోతుంది, ఆ పులుసు చెక్కలోకి దిగి మచ్చ పడుతుంది. ఏడాదికి రెండుసార్లు తేనెమైనం పల్చగా రాసి మెత్తటి పాత పంచె ముక్కతో తుడిస్తే చాలు. పట్టుచీరలు పెట్టేవాళ్ళు సొరుగులో ఉతికిన నూలు బట్ట పరిచి, చీరని కూడా అట్లాంటి బట్టలోనే చుట్టి పెట్టండి. మళ్ళీ పాలిష్ పట్టిస్తాను, ఉప్పుకాగితం కొట్టిస్తాను అనే మాట మాత్రం నా ముందు అనొద్దు, ఆ పై పొర కోసమే కదా అంత డబ్బు పెట్టేది.

డబ్బు మాటకొస్తే, ఈ ముదురు రంగు పాత సామానుకి ఇంగ్లండ్‌లోనే ఇరవై ఏళ్ళుగా ధరలు పడిపోయినాయి, ఇక్కడ చెప్పే ధరలో ఓడ ఖర్చు, షాపు ఖర్చే పెద్ద భాగం, బేరం ఆడడానికి మొహమాట పడొద్దు. రసీదులో చెక్క పేరు, కాలం, మార్చిన భాగాలు రాయించుకోండి, నోటితో 1690 అనేవాళ్ళు చాలామంది కాగితం మీద రాయమంటే వెనక్కి తగ్గుతారు. పిల్లలు అమెరికాలో ఉండారు, రేపు వాళ్ళకి పంపిస్తాం అనుకునేవాళ్ళు ఇంకోటి గుర్తు పెట్టుకోవాలి, 1972 పురావస్తు చట్టం లెక్కన వందేళ్ళు దాటిన కళావస్తువులు, పనితనం ఉన్న వస్తువులు మామూలు మనుషులు దేశం దాటించడానికి లేదు. కొన్నది ఇక్కడే ఉండిపోతుంది అనే లెక్కతోనే కొనండి.

మా వీధాయన రెండోది తీసుకున్నాడు. టేకుదే తీసుకో అని నేను రెండుసార్లు చెప్పినాను, కానీ సాయంత్రం ఎండలో ఆ పులి చారలు చూసినాక ఆయన కన్ను తిప్పుకోలేదు, ఇష్టపడి కొనే వస్తువు విషయంలో అంతకు మించి నేనేం చెప్పను. నాణేలు విడిగా స్టీల్ బీరువాలో పెట్టుకున్నాడు. నవంబర్‌లో వాన పట్టుకున్న నాలుగో రోజు కంగారుగా ఫోన్, అడుగు సొరుగు ఇరుక్కుపోయింది, వడ్రంగిని పిలిచి అంచు చిత్రిక పట్టిస్తా ఉండాను అని. ఆపించినాను. వచ్చినంత వరకు లాగి, అంచులకి కొవ్వొత్తి రుద్ది, బలవంతం చేయకుండా జనవరి దాకా వదిలెయ్ అన్నాను. ఇప్పుడు కోసేస్తే ఎండాకాలంలో సొరుగు వదులయిపోతుంది, కోసిన చెక్క మళ్ళీ రాదు. సంక్రాంతి రోజు పొద్దున్నే ఆయనే ఇంటికొచ్చినాడు, సొరుగు ఒక్క చేత్తో లాగితే వచ్చేసిందంట.